గోడలోని చెమ్మ, నోటిలోని సలహా

ఈ వ్యాసం రాయడానికి కారణం ఒక తప్పు. ఆ తప్పు మరొకరిది కాదు, మాదే.

దాదాపు ముప్పై ఏళ్లుగా మదరసాలో పాఠాలు చెబుతున్నాము. నమాజు గురించి, జకాత్ గురించి, వారసత్వపు వాటాల గురించి ప్రజలు వచ్చి అడుగుతారు. తెలిసినది చెబుతాము. తెలియనిది గ్రంథాలు తిరగేసి, పెద్దలను సంప్రదించి చెబుతాము. అయితే ఒక మనిషికి సమాజంలో కాస్త గౌరవం ఏర్పడగానే జనం అతణ్ణి అన్ని విషయాలూ అడగడం మొదలుపెడతారు. అబ్బాయిని ఏ కాలేజీలో చేర్పించాలి, స్థలం ఎక్కడ కొనాలి, జ్వరానికి ఏ మాత్ర వేసుకోవాలి, గోడ ఎందుకు తడుస్తున్నది... ఇలా ప్రశ్నలు పెరుగుతూ పోతాయి. జవాబు చెప్పే అలవాటు నాలుకకు పట్టుకున్న తరువాత, తెలిసిన విషయానికీ తెలియని విషయానికీ మధ్య ఉన్న గీత మెల్లగా చెరిగిపోతుంది. మా విషయంలో అదే జరిగింది.

ఖాలా ఇంటి గోడ

మా వీధిలో ఒక పెద్దావిడ ఉన్నారు. పిల్లలూ పెద్దలూ అందరూ ఆమెను ఖాలా అనే పిలుస్తారు. భర్త మరణించి చాలా కాలమైంది. ఒక్కగానొక్క కుమారుడు కువైట్‌లో డ్రైవరు పని చేస్తున్నాడు. మా కడప జిల్లాలో ఇటువంటి ఇళ్లు వీధికి నాలుగైదు ఉంటాయి. కింది వాటాలో ఖాలా, కోడలు, మనవడు ఉంటారు. పై వాటా అద్దెకిచ్చారు. ఆ అద్దె, కొడుకు పంపే సొమ్ము, ఈ రెండే ఆ ఇంటికి ఆధారం.

నిరుడు చలికాలంలో కింది వాటా గదిలో ఒక గోడ తడవడం మొదలైంది. మొదట అరచేయంత మచ్చ కనిపించింది. పదిహేను రోజుల్లో అది చాప అంతయింది. రంగు పొక్కులుగా లేచి రాలిపోసాగింది. ఆ గోడకు సరిగ్గా పైన అద్దె వాటా స్నానాలగది ఉన్నది, దానిలోనే మరుగుదొడ్డి కూడా ఉన్నది. ఖాలా ఏళ్ల తరబడి ఆ గోడ పక్కనే జానమాజు పరచుకొని నమాజు చేసేవారు. ఆ తడి మరుగుదొడ్డి నీరేమోనన్న అనుమానంతో జానమాజును అక్కడినుండి తీసేసి వంటగది మూలకు మార్చుకున్నారు.

ఒక జుమా రోజున నమాజు ముగిసిన తరువాత మనవడు వచ్చి, "హజ్రత్, దాదీ మిమ్మల్ని ఒకసారి రమ్మన్నది" అన్నాడు. వెళ్లి చూశాము. మా ఇంట్లో రెండేళ్ల క్రితం ఇటువంటి చెమ్మే వచ్చింది. అప్పుడు స్నానాలగది నేల పగలగొట్టి, కొత్తగా టైల్స్ వేయిస్తే తగ్గింది. ఆ అనుభవం ఒక్కటే మా చేతిలో ఉన్నది. పైకి వెళ్లి చూడలేదు, ఎవరినీ ఏమీ అడగలేదు. గోడ ముందు నిలబడే చెప్పేశాము: "ఖాలా, ఇది పైన నేల కారడమే. టైల్స్ తీయించి కింద వాటర్‌ప్రూఫింగ్ చేయించండి. ఆలస్యం చేస్తే స్లాబు పాడవుతుంది."

ఆమె మరో మాట అడగలేదు. మౌల్వీ సాబ్ చెప్పారు కదా అనుకున్నారు.

పని మొదలైంది. స్నానాలగది వాడకానికి లేకపోవడంతో అద్దెకున్నవారు ఖాళీ చేసి వెళ్లిపోయారు. టైల్స్, సిమెంటు, కూలి, చెత్త ఎత్తించడం అన్నీ కలిసి డెబ్బై వేల రూపాయలు దాటాయి. మూడు వారాల పాటు ఆ గదిలో ఎవరూ స్నానం చేయలేదు. అయినా కింద గోడ ఆరలేదు. "కొత్త సిమెంటు తడి, కొద్ది రోజులు పడుతుంది" అని మేస్త్రీ అన్నాడు. మేమూ తలూపాము. నెల గడిచేసరికి మచ్చ మునుపటికంటే పెద్దదైంది.

అప్పుడు తెలిసింది మరో సంగతి. ఆ డెబ్బై వేలు కొడుకు రంజాన్ పండుగకు ఇంటికి రావడానికి, టిక్కెట్టుకు, పిల్లల బట్టలకు దాచుకున్న సొమ్ము. ఆ ఏడాది అతడు రాలేదు. మూడేళ్లుగా తండ్రిని చూడని ఆ పిల్లవాడు ఈద్‌గాహ్‌లో మా పక్కనే నిలబడి పండుగ నమాజు చేశాడు. ఆ నమాజులో మా మనసు నిలకడగా లేదని ఒప్పుకుంటున్నాము.

ప్రశ్నలతో వచ్చిన మేస్త్రీ

పండుగ తరువాత మేమే వెదికి ఒక వయసు మళ్లిన ప్లంబింగ్ మేస్త్రీని పిలుచుకొని వెళ్లాము. అతడు సుత్తి తీయలేదు. సంచి గుమ్మం దగ్గర పెట్టి, గోడ ముందు కూర్చొని ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"అమ్మా, ఈ తడి మొదట ఏ నెలలో కనిపించింది? వాన పడినప్పుడు పెరిగిందా? పైన స్నానాలు చేసిన రోజున ఎక్కువ, చేయని రోజున తక్కువ అన్నట్టు ఉన్నదా? వాసన వస్తున్నదా? మోటారు మునుపటికంటే ఎక్కువసార్లు వేయవలసి వస్తున్నదా?"

ఖాలా ఒక్కొక్కటిగా చెప్పారు. చలికాలంలో మొదలైంది. వాన లేదు. వాసన లేదు. పైన ఎవరూ లేని మూడు వారాలూ తడి తగ్గలేదు. మోటారు మాత్రం మునుపు రెండు రోజులకు ఒకసారి వేసేవారు, ఇప్పుడు పై వాటా ఖాళీగా ఉన్నా రోజు విడిచి రోజు వేయక తప్పడం లేదు.

మేస్త్రీ మా వైపు తిరిగి, "సాబ్, నేల కారితే నేల మీద నీళ్లు పోసినప్పుడే కారాలి. మూడు వారాలు నీళ్లు పోయకపోయినా తడి ఆగలేదంటే నేల తప్పు లేదు" అన్నాడు.

ఇంత సులభమైన మాట మాకు తట్టలేదు. తట్టకపోవడమే కాదు, సాక్ష్యం కళ్ల ముందు ఉన్నా సిమెంటు తడి అని దానికి మరో అర్థం చెప్పుకున్నాము. ఒకసారి నోటినుండి తీర్పు వెలువడిన తరువాత మనిషి దానిని సమర్థించే సాక్ష్యాన్ని మాత్రమే చూస్తాడు. ఖాజీ పీఠం మీద కూర్చున్నవారికి మా గురువులు చేసిన హెచ్చరిక ఇదే. గోడ దగ్గర అది మాకు గుర్తుకు రాలేదు.

మూడు రాత్రుల పరీక్ష

ఆ మేస్త్రీ చేసిన పరీక్షను ఏ ఇంటివారైనా తామే చేసుకోవచ్చు. ఖర్చు ఏమీ లేదు. కావలసినదల్లా ఒక పొడవాటి చెక్క స్కేలు, కాస్త ఓపిక.

మొదటి రాత్రి ఇషా తరువాత మేడమీది ట్యాంకు నింపి, మోటారు ఆపి, ఇంట్లోని నల్లాలన్నీ కట్టేశారు. పొడి స్కేలును ట్యాంకు అడుగుదాకా నిలువుగా దించి తడి ఎంతవరకు వచ్చిందో రాసుకున్నారు. ఫజ్ర్ వేళ, ఎవరూ నీరు వాడకముందే మళ్లీ కొలిచారు. నీరు దాదాపు ఒక సెంటీమీటరు తగ్గింది. అడుగు భాగం ఒక మీటరు వ్యాసం ఉన్న గుండ్రటి ట్యాంకులో ఒక సెంటీమీటరు అంటే సుమారు 8 లీటర్లు. రాత్రి ఎనిమిది గంటల్లో 8 లీటర్లు అంటే గంటకొక లీటరు ఎటో పోతున్నది. కాబట్టి కారుతున్నది వాడి పారబోసిన నీటి గొట్టం కాదు, ట్యాంకునుండి వచ్చే మంచినీటి గొట్టం.

అయితే మేస్త్రీ అక్కడ ఆగలేదు. "ఫ్లష్ ట్యాంకు కూడా ఇలాగే దొంగతనంగా నీరు తాగుతుంది" అన్నాడు. ఫ్లష్ ట్యాంకులోని రబ్బరు అరిగిపోతే నీరు చప్పుడు లేకుండా కమోడ్‌లోకి జారుతూనే ఉంటుంది. దాని స్థానంలో కొత్త నీరు నిండుతూనే ఉంటుంది. కాబట్టి రెండో రాత్రి ఫ్లష్ ట్యాంకులకు నీరు వెళ్లే యాంగిల్ వాల్వులు కట్టేసి మళ్లీ కొలిచారు. మళ్లీ అంతే తగ్గింది. అంటే ఫ్లష్ ట్యాంకులు నిర్దోషులు.

మూడో రాత్రి ఆ వాల్వులను అలాగే ఉంచి, పై స్నానాలగదిలో గీజరుకు నీరు వెళ్లే వాల్వును కూడా కట్టేశారు. తెల్లవారి చూస్తే స్కేలు మీద తడి ఉన్న గీత దగ్గరే ఉన్నది. వెంట్రుకవాసి కూడా తగ్గలేదు.

ఇప్పుడు దోషి ఎవరో తెలిసిపోయింది. గీజరునుండి మిక్సరుకు గోడ లోపల వెళ్లే వేడినీటి గొట్టం. ఇక్కడ గమనించవలసిన సూత్రం ఒక్కటే: ఒక రాత్రికి ఒక్క మార్పు. మూడు వాల్వులూ ఒకే రాత్రి కట్టేసి ఉంటే కారడం ఆగిందని తెలిసేది కాని ఎక్కడ కారుతున్నదో తెలిసేది కాదు.

మేస్త్రీ ఒకే ఒక్క టైలు తీశాడు. దాని వెనుక సీపీవీసీ గొట్టాల మధ్యన మరలతో బిగించిన తెల్లని మామూలు పీవీసీ ఎల్బో ఒకటి కనిపించింది. దాని మెడ దగ్గర సన్నని చీలిక. అంతకుముందు వేసవిలో గీజరు మార్చినప్పుడు దుకాణంలో సరైన ఎల్బో దొరకక, "ఇదీ అదే, సరిపోతుంది" అని ఎవరో ఇచ్చిన సలహా మీద దానిని వేశారు. అదీ ఒక చెడు సలహాయే. మామూలు తెల్ల పీవీసీ చల్లటి నీటి కోసం తయారైనది. 60 డిగ్రీలు దాటిన నీటికి అది పనికిరాదు, వేడికి మెత్తబడి బిగువు కోల్పోతుంది. లేత గోధుమ లేక మీగడ రంగులో ఉండే సీపీవీసీ 93 డిగ్రీల వరకు తట్టుకునేందుకు ఉద్దేశించినది. వేసవి అంతా గీజరు వేయలేదు కాబట్టి ఎల్బో నిలిచింది. చలికాలం రాగానే వేడి తగిలి చీలింది. ఒకసారి చీలిన తరువాత గీజరు వేసినా వేయకపోయినా వాల్వు తెరిచి ఉన్నంతకాలం కారుతూనే ఉన్నది.

సామానుకు, కూలికి కలిపి అయిన ఖర్చు వెయ్యి రూపాయలు కూడా లేదు.

చెమ్మను చదవడం ఎలా?

ఆ మేస్త్రీ దగ్గర మేము ఒక పూట శిష్యరికం చేశాము. అతడు చెప్పినదాన్ని, ఆ తరువాత మరి కొందరు పనివారిని అడిగి సరిచూసుకున్నదాన్ని ఇక్కడ క్రమంగా పెడుతున్నాము.

చెమ్మ కనిపించగానే "ఎక్కడ" అని కాక "ఎప్పుడు" అని అడగాలి. వాన కురిసినప్పుడే పెరిగి, ఎండ కాసినప్పుడు తగ్గితే అది మిద్దె మీదినుండో, పిట్టగోడ పగుళ్లనుండో, కిటికీ పైనుండో వస్తున్న నీరు. స్నానం చేసినప్పుడు, ఫ్లష్ నొక్కినప్పుడు పెరిగితే అది నేల లేక వాడిన నీటి గొట్టం. వానతో, వాడకంతో సంబంధం లేకుండా రాత్రింబగళ్లు ఒకేలా ఉంటే ట్యాంకునుండి వచ్చే గొట్టాన్ని అనుమానించాలి. కింది అంతస్తులో నేలనుండి పైకి, నడుము ఎత్తు వరకే ఒక పట్టీలాగ చెమ్మ ఉండి, తెల్లటి ఉప్పు పొడి రాలుతుంటే అది పునాదినుండి గోడ పీల్చుకుంటున్న భూమి తేమ కావచ్చు. దానికి ప్లంబరును పిలిచి గొట్టాలు మార్పించడం వృథా.

"ఎక్కడ" అన్న ప్రశ్న మనలను మోసం చేస్తుంది. స్లాబు లోపల నీరు తనకు దారి దొరికిన వైపు పారుతుంది. కరెంటు గొట్టాల వెంట, ఇనుప కడ్డీల వెంట కొన్ని అడుగుల దూరం వెళ్లి మరోచోట బయటపడుతుంది. మచ్చ ఉన్నచోటనే పగలగొట్టడం చాలాసార్లు తప్పవుతుంది. ఆ తడి కరెంటు స్విచ్చు బోర్డు దగ్గరికి చేరితే ఏ పరీక్షా చేయకముందు ఆ గది కరెంటు మెయిన్ వద్ద ఆపి, ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.

ట్యాంకు పరీక్షలో నీరు తగ్గలేదనుకోండి. అప్పుడు నేలనూ, వాడిన నీటి గొట్టాన్నీ విడదీయాలి. స్నానాలగది నహానీ ట్రాప్‌లో గుడ్డ బిగించి, నేల మీద రెండు అంగుళాల నీరు నిలిపి, గోడ మీద పెన్సిలుతో గీత గీసి 24 గంటలు వదిలేయాలి. కింద తడి పెరిగి, పైన నీరు గీతకు బాగా దిగువకు పోతే నేల కారుతున్నది. ఏ మార్పూ లేకపోతే నేల మంచిదే. అప్పుడు గుడ్డ తీసి ఆ నీటిని ఒక్కసారిగా వదలాలి. కొన్ని గంటల్లో కింద తడి పెరిగితే ట్రాప్ అతుకో, దాని తరువాతి గొట్టమో కారుతున్నదని అర్థం. ఫ్లష్ ట్యాంకును పరీక్షించడానికి దానిలో కాస్త నీలిమందు కలిపి, అరగంట సేపు ఫ్లష్ నొక్కకుండా ఉండాలి. కమోడ్‌లోని నీరు నీలంగా మారితే రబ్బరు మార్చవలసిందే.

ఈ పరీక్షలన్నిటికీ ఒకే క్రమం ఉన్నది. ముందు చూపు, తరువాత ప్రశ్న, తరువాత కొలత, చివరకు సుత్తి. మేము సుత్తితో మొదలుపెట్టాము.

తరచుగా వినిపించే నాలుగు చెడు సలహాలు

మొదటిది, "నల్లాలో నీరు సన్నగా వస్తున్నదా? ప్రెషరు మోటారు పెట్టించండి." ముందు చూడవలసినది, ఒక్క నల్లాలోనే సన్నగా వస్తున్నదా, ఒక గది అంతానా, ఇల్లంతానా అని. ఒక్క నల్లా అయితే దాని మూతి వద్ద ఉన్న జాలీ విప్పి చూడండి. మన ప్రాంతపు బోరు నీటిలో ఉప్పు ఎక్కువ, జాలీలు సున్నపు పొరతో మూసుకుపోతాయి. వెనిగర్‌లో కాసేపు నానబెట్టి బ్రష్షుతో రుద్దితే తిరిగి పనిచేస్తాయి. వేడినీరు మాత్రమే సన్నగా వస్తే గీజరును, దాని వాల్వును అనుమానించాలి. ఒక గది అంతా అయితే ఆ గది వాల్వు సగమే తెరిచి ఉండవచ్చు. ఇల్లంతా అయితే ట్యాంకు వద్ద ఉన్న గేట్ వాల్వు, లేదా ట్యాంకు ఖాళీ అయినప్పుడు గొట్టంలో చేరిన గాలి కారణం కావచ్చు. నీటి ఒత్తిడి ఎత్తునుబట్టి ఉంటుంది. 10 మీటర్ల ఎత్తు ఉంటేనే చదరపు సెంటీమీటరుకు ఒక కిలో ఒత్తిడి వస్తుంది. ట్యాంకు నల్లాకంటే మూడు మీటర్లే పైన ఉంటే అందులో మూడో వంతు కూడా ఉండదు. కాబట్టి పై అంతస్తులో నీరు కొంత నెమ్మదిగా రావడం రోగం కాదు, స్వభావం.

రెండవది, "మోటారు నీరు ఎత్తడం లేదా? పెద్ద హార్స్‌పవర్‌ది వేయించండి." నేలమీద ఉండే మోటారు కింది నీటిని పీల్చడంలో ఒక హద్దు ఉన్నది. గాలి ఒత్తిడి నీటిని గరిష్ఠంగా 10.3 మీటర్ల వరకే పైకి నెట్టగలదు. ఆచరణలో ఏడెనిమిది మీటర్లు దాటదు. నీటిమట్టం అంతకంటే కిందికి పోతే ఎంత పెద్ద మోటారైనా ఒక్క చుక్క తేలేదు. సంపునుండి ఎత్తే మోటారు ఆగిపోతే చాలాసార్లు ఫుట్ వాల్వులో చెత్త ఇరుక్కొని ఉంటుంది, లేదా పీల్చే గొట్టపు అతుకులో గాలి దూరుతుంటుంది. వేల రూపాయల మోటారు కొనేముందు ఆ ఫుట్ వాల్వును పైకి తీసి చూడండి.

ఇక్కడే మరో మాట. మున్సిపాలిటీ కుళాయి గొట్టానికి నేరుగా మోటారు బిగించమని సలహా ఇచ్చేవారు ప్రతి వీధిలో ఉన్నారు. దానివల్ల వీధి చివరి ఇళ్లకు నీరు అందదు. అంతేకాక, గొట్టంలో ఏర్పడే పీల్పు వల్ల పగుళ్లగుండా బయటి మురికి నీరు లోపలికి చేరగలదు. పొరుగువారి హక్కును లాక్కొన్న నీటితో వుజూ చేసుకోవడం ఎటువంటిదో పాఠకులే ఆలోచించాలి.

మూడవది, "స్నానాలగదిలో వాసన వస్తున్నదా? యాసిడ్ పోయండి." వాడకం లేని గదిలో ట్రాప్‌లోని నీరు ఆవిరైపోతుంది. ఆ నీరే మురుగు గాలికి అడ్డుగోడ. అది ఎండిపోతే వాసన పైకి వస్తుంది. వారానికి రెండు మగ్గుల నీరు పోస్తే చాలు. ఫ్లష్ నొక్కినప్పుడల్లా నహానీ ట్రాప్‌లో గుటగుటమని చప్పుడు వస్తే గాలి గొట్టం లేదనో, మూసుకుపోయిందనో అర్థం. యాసిడ్ దీనికేమీ చేయదు. పైగా యాసిడ్‌ను బ్లీచింగ్ పౌడరుతో కలిపితే విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. తలుపు మూసిన చిన్న గదిలో అది ప్రాణాపాయం. ఇంటి ఆడవారు, పనిమనుషులు, మదరసా పిల్లలు ఈ మాటను తప్పక గుర్తుంచుకోవాలి.

నాలుగవది, "నల్లా చుక్కలు కారుతున్నదా? గట్టిగా తిప్పండి." లోపలి వాషరు అరిగితే ఎంత గట్టిగా తిప్పినా చుక్క ఆగదు, వాషరు కూర్చునే అంచు కూడా దెబ్బతింటుంది. అప్పుడు కొన్ని రూపాయల వాషరుతో పోయేది కొత్త నల్లా దాకా వస్తుంది. పావు చుట్టు తిప్పితే తెరుచుకునే కొత్తరకం నల్లాలలో వాషరు ఉండదు, లోపలి స్పిండిల్ మార్చాలి.

చిన్న చుక్కే కదా అనుకునేవారికి ఒక లెక్క. నల్లా కింద లీటరు సీసా పెట్టి ఎంతసేపటిలో నిండుతుందో చూడండి. గంటలో నిండితే రోజుకు 24 లీటర్లు, ఏడాదికి 8,760 లీటర్లు. దైవప్రవక్త (స) ఒక ముద్ద్ నీటితో వుజూ చేసేవారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. అది ముప్పావు లీటరుకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. ఖాలా ఇంటి గోడ రోజూ మింగిన నీరు ముప్పై మంది వుజూకు సరిపోయేది.

సలహా కూడా అమానతే

సుననె అబూ దావూద్‌లో హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన ఒక సంఘటనను మేము ప్రతి ఏడాదీ విద్యార్థులకు బోధిస్తాము. ఒక ప్రయాణంలో ఒకరి తలకు రాయి తగిలి గాయమైంది. తరువాత ఆయనకు గుసుల్ తప్పనిసరి అయింది. తనకు తయమ్ముమ్ వెసులుబాటు ఉన్నదా అని సహచరులను అడిగారు. నీరు ఉండగా వెసులుబాటు లేదని వారు చెప్పారు. ఆయన స్నానం చేసి మరణించారు. ఈ సంగతి తెలిసినప్పుడు దైవప్రవక్త (స) తీవ్రంగా మందలించారు. తెలియనప్పుడు అడిగి తెలుసుకోవలసింది కదా, అజ్ఞానానికి ఔషధం అడగడమే కదా అన్న భావంతో హెచ్చరించారు.

ఆ సహచరులు చెడ్డవారు కారు. మేలు కోరే చెప్పారు. వారికి ఒక నియమం తెలుసు, కాని ఎదుటి మనిషి గాయం ఎంతటిదో వారు తెలుసుకోలేదు. ఎన్నోసార్లు బోధించిన ఈ పాఠం మాకు ఖాలా గోడ ముందు నిలబడినప్పుడు గుర్తుకు రాలేదు. మాకు కూడా ఒక నియమమే తెలుసు: మా ఇంట్లో నేల కారింది, కాబట్టి అందరి ఇళ్లలో నేలే కారుతుంది.

ఇమామ్ మాలిక్ (రహ్మ) తమను అడిగిన ప్రశ్నలలో చాలావాటికి "నాకు తెలియదు" అని జవాబిచ్చేవారని చరిత్ర చెబుతున్నది. మదీనా నగరపు అంతటి ఇమాముకు ఆ మాట చిన్నతనం కాలేదు. మనకు ఎందుకు కావాలి? "నాకు తెలియదు, తెలిసినవారి దగ్గరికి తీసుకువెళతాను" అన్న ఒక్క వాక్యం ఆ రోజు మా నోటినుండి వచ్చి ఉంటే ఒక తండ్రి పండుగకు తన బిడ్డను చూసుకునేవాడు.

సలహా అడిగేవారికి కూడా ఒక బాధ్యత ఉన్నది. ఎవరు చెప్పినా, అది మాలాంటి గడ్డపువాడు చెప్పినా సరే, మూడు ప్రశ్నలు అడగండి. ఇదే కారణమని మీకు ఎలా తెలిసింది? పగలగొట్టకముందు దానిని రుజువు చేసే పరీక్ష ఏమిటి? మీ మాట తప్పయితే మనకు ఏ గుర్తు కనిపిస్తుంది? ఈ మూడింటికీ జవాబు లేని సలహాకు సొమ్ము ఖర్చు పెట్టకండి. ఇలా అడగడం అమర్యాద కాదు. చెప్పేవాణ్ణి కూడా తప్పునుండి కాపాడటమే.

ఆ ఎల్బో మార్చిన రోజు సాయంత్రం ఖాలా దగ్గరికి వెళ్లి క్షమాపణ చెప్పుకున్నాము. జరిగిన నష్టంలో మా వంతు భరిస్తామన్నాము. ఆమె ఒప్పుకోలేదు. "మీరు కావాలని చేశారా? అల్లాహ్ రాసిపెట్టింది అంతే" అన్నారు. తఖ్దీర్ మీద విశ్వాసం ఆమెకు ఓదార్పు. మాకు అది సాకు కాకూడదు. కువైట్‌లోని కుమారుడికి ఫోను చేసి విషయమంతా దాచకుండా చెప్పాము. అతడు చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "సగం ఇవ్వండి హజ్రత్, మీ మనసు కుదుటపడుతుందంటే" అన్నాడు. మా జీతంలోనుండి నెలనెలా కొంత చెల్లిస్తున్నాము. ఇంకా కొన్ని నెలలు మిగిలి ఉన్నాయి.

గోడ ఆరడానికి ఎండాకాలమంతా పట్టింది. సున్నం వేయించారు. పై వాటాలోకి కొత్తవారు వచ్చారు. మనవడు ఇప్పుడు నెలకొకసారి రాత్రిపూట ట్యాంకులో స్కేలు దించి కొలుస్తాడు, పొద్దున మదరసాకు వచ్చి లెక్క మాకు అప్పగిస్తాడు. మొన్న ఒక పని మీద ఆ ఇంటికి వెళ్లినప్పుడు అసర్ వేళయింది. ఆ గోడలో పారినది మరుగుదొడ్డి నీరు కాదని, ట్యాంకులోని శుభ్రమైన నీరేనని తెలిసిన తరువాత ఖాలా తన జానమాజును తిరిగి పాత చోటునే పరచుకున్నారు.